మా మామ గుండె మీద గుండ్రటి మచ్చ

ఒక నిండు మనిషిని, అందులోనూ నాకు తిండిపెట్టి చదివించిన మేనమామని, బతికుండగానే కాటి దాకా సాగనంపిన ఘనుణ్ణి నేను. కత్తి వాడలేదు, విషం కలపలేదు. బి.ఎస్సీ. డిగ్రీ ఒక్కటే వాడాను. అదెలాగో చెబుతాను. విన్నాక తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా అత్త అప్పట్లోనే మీ అందరి వంతూ తిట్టేసింది కానీ, నాకు పడాల్సినవాటికి అవి తక్కువేనని నా అనుమానం.

ముందు ఆ డిగ్రీ సంగతి చెప్పనివ్వండి. నేరానికి వాడిన ఆయుధం అదే కాబట్టి దాన్ని ముందు చూపించడం ధర్మం. ఆనందపురం దాటి లోపలికి వెళ్తే మా పల్లె. మా ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి ప్రాణిని నేను. మా నాన్న సంతకం బొటనవేలు. మా తాతదీ బొటనవేలే, కాకపోతే ఆయనది ఇంకొంచెం పెద్దది. అలాంటి వంశంలో ఒకడు బి.ఎస్సీ. పాసైతే వాడికి కాళ్ళు నేల మీద ఆనతాయా? రిజల్ట్స్ వచ్చిన రోజున పేపరు చంకలో పెట్టుకుని మద్దిలపాలెంలో బస్సెక్కి, కండక్టరుకి చెప్పాను. పక్కన వంకాయల గంపతో కూర్చున్న ముసలమ్మకి చెప్పాను. ఆవిడ దిగిపోయాక ఆ సీట్లోకి వచ్చినాయనకి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఇంటికెళ్ళి మా గేదెకి కూడా చెప్పాను. అది ఒకసారి తల తిప్పి నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ నెమరులో పడింది. నా డిగ్రీని అంత సరిగ్గా అంచనా వేసిన జీవి మా ఊళ్ళో మరొకటి లేదని తర్వాత్తర్వాత తెలిసింది.

ఆ డిగ్రీ వెనకున్న మనిషి మా అమ్మ తమ్ముడు, అప్పలసామి మామ. రేవులో బొగ్గు యార్డులో గ్యాంగు మేస్త్రీ. ఓడల్లోంచి దిగిన బొగ్గు కొండలు కొండలుగా పడి ఉంటే, దాన్ని వేగన్లకెక్కించే కూలీలకి ఆయన పెద్ద. జ్ఞానాపురంలో ఇల్లు. నన్ను ఇంటర్మీడియట్ నుంచీ ఆ ఇంట్లోనే పెట్టుకుని చదివించాడు. పగలంతా దుమ్ము మింగి వచ్చి, సాయంత్రం కూర్చుని నా పుస్తకాలకి అట్టలు వేసేవాడు. చదవడం రాదు కాబట్టి ఒక్కోసారి అట్ట తలకిందులుగా పడేది. నేను దాన్ని అలాగే పట్టుకుని కాలేజీకి వెళ్ళేవాణ్ణి. ఎవరైనా నవ్వితే, మా మామ వేసిన అట్ట అని చెప్పేవాణ్ణి. ఆ మాత్రం కృతజ్ఞత నాలో ఉండేది. అది ఎక్కడికి పోయిందనే ఇప్పుడు చెప్పబోయేది.

మామకి ఒక మీసం ఉండేది. రెండు చివర్లూ మెలితిరిగి, చూడగానే రేవులో క్రేను కొక్కేలు గుర్తొచ్చేవి. ఆయన మనవరాలు చిట్టికి అప్పుడు రెండేళ్ళుంటాయి. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే ఎత్తించుకుని, ఆ కొక్కేలు రెండూ పట్టుకుని వేలాడేది. బొగ్గు వేగన్ల కంటే ఆ గుంటని లేపడమే కష్టమని మామ అనేవాడు కానీ, ఒక్కరోజు కూడా దించమనేవాడు కాదు.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లో ఉన్న రోజులవి. ఊళ్ళో కుర్రాళ్ళందరూ దాని వైపు చూస్తుంటే, నాకు మామ పనిచేసే యార్డు వైద్యశాలలోనే టెంపరరీ గుమాస్తా ఉద్యోగం తగిలింది. బొగ్గు దుమ్ములో పనిచేసేవాళ్ళకి ఏడాదికోసారి ఒళ్ళు పరీక్ష చెయ్యాలి. బరువు చూస్తారు, కళ్ళూ చెవులూ చూస్తారు, ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు, చివర్లో ఛాతీకి ఎక్సరే తీస్తారు. నా పని పేర్లు పిలవడం, మనుషుల్ని వరసలో నిలబెట్టడం, ఆరిన ఎక్సరే ఫిల్ములు తీసుకెళ్ళి డాక్టరుగారి బల్ల మీద పెట్టడం. పెట్టడం అన్నారు, గుర్తుంచుకోండి. చూడడం అని ఎవరూ అనలేదు.

చేరిన రోజునే తెల్లచొక్కా కుట్టించుకున్నాను. దాన్ని చూసి కూలీలు డాక్టరు బాబూ అనడం మొదలెట్టారు. కాదు నాయనా, గుమాస్తానని ఒకటి రెండుసార్లు చెప్పాను. తర్వాత గొంతు నొప్పి పుట్టి మానేశాను.

మెడికల్ రోజున మామ గ్యాంగు మగపెళ్ళివారిలా తరలివచ్చేది. అన్‌ఫిట్ అన్న మాటంటే వాళ్ళకి తాచుపాము కంటే భయం. ఆ మాట ఒకసారి పడితే యార్డు గేటు ఇక తెరుచుకోదని నమ్మకం. అందుకని ముందురోజే తలంట్లు పోసుకుని, చెవుల్లో బొగ్గుని పుల్లలతో తవ్వుకుని, మొహాలకి పౌడరు మెత్తుకుని, పెళ్ళిళ్ళకి దాచుకున్న చొక్కాలు తొడుక్కుని వచ్చేవాళ్ళు. ఆ ఏడు మామ స్నేహితుడు ఎర్రయ్య, బరువు తగ్గితే తీసేస్తారని ఎవరో చెప్పగా, పొద్దున్నే కుండెడు చద్దన్నం తినొచ్చాడు. తూకంలో నెగ్గాడు కానీ, గొట్టంలోకి ఊదమంటే ఊపిరికి బదులు తేన్పు వచ్చింది. యంత్రం ముల్లు కదిలింది కూడా. అది లెక్కలోకి వస్తుందా రాదా అని పెద్ద చర్చ జరిగింది.

ఎక్సరే గది ఫిల్ములు తీసే మూర్తిది. చొక్కా విప్పండి, ఒంటి మీద ఏమున్నా తీసేయండి అని ఆయన ఒకటే కేకలు. మామ కూడా లోపలికెళ్ళి వచ్చాడు. వచ్చి నన్ను చూసి కన్నుగీటి, అయిపోనాదిరా అన్నాడు. ఆ కన్నుగీటడానికి అర్థం నాకు అప్పుడు తెలిసి ఉంటే మీకు ఈ కథా ఉండేది కాదు, నాకు ఈ సిగ్గూ ఉండేది కాదు.

డాక్టరుగారు వారంలో రెండు పూటలే వచ్చేవారు. ఆ శనివారం ఆయన రారు. మూర్తి ఫిల్ములు కడిగి, క్లిప్పులకి తగిలించి, భోజనానికి ఇంటికెళ్ళిపోయాడు. అవి ఆరాక నేను తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాలి. పెట్టేవాణ్ణే. కానీ డాక్టరుగారి గదిలో కిటికీ తెరిచి ఉంది, ఎండ ధారగా పడుతోంది, చుట్టుపక్కల ఎవరూ లేరు, ఒంటి మీద తెల్లచొక్కా ఉంది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. వేలిముద్రల వంశంలోవాడికి డిగ్రీ వస్తే మిట్టమధ్యాహ్నం ఎక్సరే పట్టాడు.

మొదటి ఫిల్ములో పక్కటెముకలు బోర్లించిన పడవ లోపలి కర్రల్లా కనిపించాయి. రెండోదీ అలాగే ఉంది. నాలుగైదు చూసేసరికి ఎక్సరే శాస్త్రం నాకు పూర్తిగా వచ్చేసినట్టనిపించింది. బాగుంది, బాగుంది అనుకుంటూ, ఒకటి రెండింటికి తల కూడా పంకించాను. అప్పుడు వచ్చింది ఆ ఫిల్ము. ఎముకల నడుమ, గుండె ఉండే చోట, తెల్లటి మచ్చ. పాత రూపాయి బిళ్ళంత. గుండ్రంగా, కంపాస్ పెట్టి గీసినట్టు. పైగా దానికి చిన్న తోక. మూలన ఉన్న పేరు చూశాను. అప్పలసామి.

ఇప్పుడు ఆలోచిస్తే, రోగం ఎక్కడైనా కంపాస్ పెట్టి గీసినట్టు వస్తుందా అని పాలబుగ్గల పిల్లాడైనా అడుగుతాడు. నేను అడగలేదు. తోక మొలిచిందంటే బాగా ముదిరిందని మాత్రం తేల్చేశాను.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. కానీ సిగ్గు విడిచి ఇంకో నిజం చెప్పాలి. ఆ నీళ్ళ అడుగున ఎక్కడో ఒక చిన్న గర్వం ఉంది. డాక్టరుగారి కంటే ముందు కనిపెట్టింది నేను. మా మామకి చావు వచ్చిందన్న వార్త కూడా నాకు చెప్పుకోదగ్గ వార్తలాగే తోచింది. వెయ్యిమందిని చంపితే గానీ వైద్యుడు కాడంటారు. నేను ఒక్కణ్ణి చూసే అయిపోయాను.

ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ నిర్ణయం యార్డు గేటు బయట టీకొట్టు దాకా నిలబడింది. అక్కడ ఎర్రయ్య ఉన్నాడు.

"ఏటి అల్లుడూ, మొకం అలగెట్టినావు? మనోలెవులైనా అన్‌ఫిట్టా?"

"అదేటి లేదు."

"లేదన్నావంటే ఉన్నట్టే. సెప్పు. నా నోట్లోంచి రాదు."

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇక రూపాయి బిళ్ళంత మచ్చ ఎక్కడ నానుతుంది? చెప్పేశాను. తోక సంగతి కూడా చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. ఎర్రయ్య టీగ్లాసు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. నేను బరువెక్కిన గుండెతో నడుచుకుంటూ జ్ఞానాపురం చేరాను. వార్త మాత్రం రిక్షా ఎక్కి వచ్చినట్టుంది. నేను వెళ్ళేసరికి మా వాకిట్లో వీధంతా ఉంది. నరసమ్మత్త స్తంభానికి జారగిలబడి కూర్చుని ఉంది.

"నాను అన్నం కలిపి పెట్టి సాకినోడివి," అంది. "నాకు సెప్పకండా టీకొట్టుకాడ సెప్తావురా?"

సమాధానం చెప్పడానికి నోరు తెరిచాను కానీ, అంతలో మామ వచ్చాడు. ఆయనకి దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు. ఎప్పటిలాగే చిట్టిని ఎత్తుకున్నాడు. అది ఎప్పటిలాగే మీసం పట్టుకుని వేలాడింది. మామ నా ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు.

"నివ్వు సూసినావేట్రా, నిజింగా?"

"సూసినాను మామా."

"ఎంతుంది?"

"రూపాయి బిళ్ళంత."

"పాత రూపాయా, కొత్త రూపాయా?"

"పాతది."

మామ వేళ్ళతో ఆ కొలత చుట్టి చూసుకున్నాడు. "అయితే పెద్దదే," అన్నాడు. తర్వాత, "మరి నొప్పేటీ లేదేట్రా?" అని అడిగాడు.

ఇక్కడ, చదువరులారా, నాకు తెలియదు మామా అని ఒక్క మాట అంటే చాలు. మా గేదెని అడిగినా ఆ మాటే అనేది. కానీ డిగ్రీ కొత్తగా వచ్చినవాడి నోటికి ఆ మాట పట్టదు.

"ముదిరితే నొప్పి తెలవదు మామా," అన్నాను.

"అంటుకుంటాదా?"

"అంటుకోవొచ్చు. గ్లాసు, కంచం ఏరేగా పెట్టుకుంటే మంచిది."

మామ తల ఊపాడు. మీసానికి వేలాడుతున్న చిట్టి వేళ్ళని ఒక్కొక్కటే విడదీశాడు. దాన్ని కిందికి దించి, అత్త వైపు నెట్టి, లేచి అరుగు చివరికి వెళ్ళి కూర్చున్నాడు.

నవ్వించడానికి కూర్చున్నాను గానీ, ఆ వేళ్ళు విడదీయడం తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు రాదు.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఆసుపత్రి అయింది, నేను దానికి పెద్ద డాక్టరునయ్యాను. అంచు విరిగిన ఒక స్టీలు గ్లాసు మామదైంది. ఆయన కంచం విడిగా కడిగి అరుగు మీదే బోర్లించేవారు. పడక కూడా అరుగు మీదే. చిట్టి తప్పటడుగులు వేసుకుంటూ ఆయన వైపు వస్తే, బొగ్గు వేగను మీదికి తోసుకొచ్చినట్టు మామ వెనక్కి జరిగేవాడు. అది ఆటనుకుని ఇంకా ముందుకొచ్చేది. ఆయన అరుగు దిగిపోయి వీధిలో నిలబడేవాడు. అంత పెద్ద మేస్త్రీ, పసిగుంటకి భయపడి వీధిలో నిలబడ్డాడు. అది నేను చేసిన వైద్యం.

నేను మాత్రం ఊరుకున్నానా? పొద్దున గుడ్డు, సాయంత్రం పాలు, ఎండలో కూర్చోవడం అంటూ ఒక పద్ధతి పెట్టాను. అవన్నీ నాకు ఎవరు చెప్పారని అడక్కండి. గుడ్డు తింటే మంచిదని ఎవరికి తెలియదు? వీధిలో వాళ్ళు కూడా వచ్చి చేతులు చాపడం మొదలెట్టారు. నేను నాడి పట్టుకుని, పైకి చూసి, ఊఁ అనేవాణ్ణి. పెద్ద డాక్టర్లు అలాగే అంటారని ఎక్కడో చూశాను. ఒకావిడ దగ్గర ఊఁ అన్నందుకు ఆవిడ రెండురోజులు భోజనం మానేసింది.

సోమవారం డాక్టరుగారు వచ్చారు. ఆయన కృష్ణా జిల్లా వైపు మనిషి, మాట తక్కువ. నేను ఫిల్ములు బల్ల మీద పెట్టి, బయటికి పోకుండా అక్కడే నిలబడ్డాను. ఒక్కొక్కటీ వెలుతురు పెట్టెకి పెట్టి చూస్తూ పక్కన పెడుతున్నారు. మామ ఫిల్ము రాగానే ఆగారు. పెదవి విరిచారు.

"ఈ అప్పలసామిని మళ్ళీ పిలవండి. ఇంకో ఫిల్ము తీయాలి."

"అవును సార్, ఆ మచ్చ..." అని మొదలెట్టాను. ఆయన కళ్ళజోడు మీంచి నన్ను చూశారు. అంతలో రేవులో ఎవరికో చెయ్యి నలిగిందని కబురొచ్చి, సంచి పట్టుకుని పరిగెత్తారు. ఆయన ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే పదిహేనుమంది జుత్తు మిగిలేది.

జుత్తు సంగతి ఎక్కడినుంచి వచ్చిందంటారా? నేను ఇంటికెళ్ళి డాక్టరుగారు కూడా అదే అన్నారని చెప్పాను. ఆయన అన్నది ఏమిటి, నేను చెప్పింది ఏమిటి అని మీరు అడగొచ్చు. అప్పుడు ఎవరూ అడగలేదు. అత్త మామ మెడలో నల్లతాడుకున్న మరిడమ్మ బిళ్ళని చేత్తో పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఈ తల్లి ఉండగా నీకేటీ అవదు అంది. మళ్ళీ, తల్లి ఒక్కతే సరిపోదేమోనన్న అనుమానం కొద్దీ, సింహాచలం అప్పన్నకి మామ తలనీలాలు మొక్కింది. తలనీలాలంటే తల ఒక్కటే కాదు, మీసం కూడా కలిపి మొక్కింది. దేవుడి దగ్గర బేరమాడకూడదని ఆవిడ పద్ధతి.

గ్యాంగంతా వెంట బయల్దేరింది. మేస్త్రీ ఒక్కడూ గుండుతో తిరిగితే బాగోదని ఎర్రయ్య ముందుగా తల వంచాడట. అతను వంచాక మిగతావాళ్ళు ఎలా వంచకుండా ఉంటారు? నన్ను కూడా రమ్మన్నారు. మెడికల్ పనులున్నాయని తప్పించుకున్నాను. తెల్లచొక్కా మీదికి గుండు నప్పదని నా లోపలి కారణం. ఇది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళు కొండ దిగి ఇంటికి రాలేదు. డాక్టరుగారు వచ్చే రోజు కాబట్టి నేరుగా యార్డుకే వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ మామని ఆపి ఎవరు నువ్వు అని అడిగాడట. ఇన్నేళ్ళుగా అతను మామని కాదు, మీసాన్ని లోపలికి పంపుతున్నాడన్నమాట. వైద్యశాల వరండాలో ఆ గుండ్లన్నీ వరసగా కూర్చుంటే, ఎండ వాటి మీద పడి లోపలి గోడలకి కొట్టింది. డాక్టరుగారు తలుపు తీసుకుని బయటికొచ్చి, వాళ్ళని చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు.

మామ లోపలికెళ్ళాడు. వెనకే నేను, నా వెనక తలుపు సందులో ఎర్రయ్య. డాక్టరుగారు ఫిల్ముని వెలుతురు పెట్టెకి పెట్టారు. మచ్చ చంద్రుడిలా వెలిగింది.

"ఇదేమిటో తెలుసా నీకు?"

మామ చేతులు కట్టుకున్నాడు. "తెలుసండి. సావండి."

"ఏమిటీ?"

"మచ్చండి. ముదిరిపోనాదంట. తోక కూడా వొచ్చీసిందంట. నాను ఏటీ అనుకోనండి. మీరు ఉన్నదున్నట్టు సెప్పీయండి. ఇంటికాడ గుంటని ఎత్తుకోవొచ్చో లేదో అది ఒక్కటీ సెప్తే సాలు."

డాక్టరుగారు ఫిల్ముని చూశారు. మామని చూశారు. లేచి వచ్చి, మామ చొక్కా కాలర్లోంచి నల్లతాడుని వేలితో పైకి లాగారు. తాడు చివర మరిడమ్మ బిళ్ళ వచ్చింది. రాగిది. గుండ్రంగా, పాత రూపాయంత, పైన తాడు ఎక్కించే చిన్న కొక్కెంతో. తాడు మెడలో ఉండగానే ఆయన మామని వెలుతురు పెట్టె దగ్గరికి వంచి, బిళ్ళని మచ్చ మీద ఆనించారు. మూత పెట్టినట్టు సరిపోయింది. తోక కూడా.

కొండని తవ్వి ఎలుకని పట్టడం విన్నాను. గుండెని తవ్వి బిళ్ళని పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

తలుపు సందులో ఎర్రయ్య మెల్లిగా తన గుండు తడుముకున్నాడు. "మరి మా జుత్తో?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు.

ఫోటోకి ముందు తీసేయమంటే ఎందుకు తీయలేదని డాక్టరుగారు అడిగారు. మామ నేల చూపులు చూస్తూ చెప్పాడు. చిన్నప్పుడు అమ్మోరు పోసి బతకడనుకుంటే తల్లి ఆ బిళ్ళ కట్టింది. అది మెడ దిగితే ప్రాణం దిగుతుందంది. అప్పటినుంచీ దిగలేదు. అందుకని మూర్తి ముందునుంచి చూసినప్పుడు మామ దాన్ని వీపు మీదికి తోశాడు. గోడ వైపు తిరిగి ప్లేటుకి ఛాతీ ఆనించమన్నప్పుడు, మూర్తికి వీపు కనపడుతుంది కాబట్టి, మళ్ళీ ఛాతీ మీదికి లాక్కున్నాడు. ముందు చూస్తే వెనక్కి, వెనక చూస్తే ముందుకి. ఏటేటా అంతేనట. మిగతా ఏళ్ళు ప్లేటు కిందికి జారి తప్పించుకునేది. ఆ కన్నుగీటడం అందుకు.

"సరే. ఇది రోగమని నీకు ఎవరు చెప్పారు?"

తెల్లచొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎర్రయ్య నా వైపు చూశాడు. వరండాలో గుండ్లన్నీ నా వైపు తిరిగాయి. నాది టెంపరరీ ఉద్యోగం. డాక్టరుగారి ఒక్క మాటతో పోతుంది. మామకి అది తెలుసు.

"ఎవులూ సెప్పలేదండి," అన్నాడు మామ. "నాకే కల్లోకొచ్చింది."

"కలలో తోక కూడా కనిపించిందా?"

"కనిపించిందండి."

బొగ్గు కొండ నా మీద కూలినా అంత కిందికి కుంగేవాణ్ణి కాదు. గ్లాసు వేరుచేసింది, చిట్టిని దూరం చేసింది, మీసం తీయించింది నేను. నన్ను కాపాడటానికి అబద్ధం ఆడుతున్నది ఆయన. అదీ డాక్టరు ముందు, బోడిగుండుతో, చేతులు కట్టుకుని.

"నేనే చెప్పాను సార్," అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

డాక్టరుగారికి ఆశ్చర్యమేమీ కలిగినట్టు లేదు. "నువ్వు ఏం చదివావు?"

"బి.ఎస్సీ. సార్."

"ఏ సబ్జెక్టు?"

"బాటనీ సార్."

ఇన్నిసార్లు డిగ్రీ డిగ్రీ అన్నానే గానీ ఇది మీకూ చెప్పలేదు కదా. మా వీధికీ చెప్పలేదు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మొక్కకి మచ్చ వస్తే మందు కొట్టు," అన్నారు. "మనిషికి మచ్చ కనిపిస్తే ముందు చొక్కా విప్పి చూడాలి. ఆ పని నాది. ఇక మీదట ఫిల్ము పట్టుకున్నప్పుడు నీ కళ్ళు నేల మీద ఉండాలి."

రెండో ఫిల్ము తీయాలి. బిళ్ళ తీయాలి. మామ తీయనంటాడు. మూర్తి బతిమాలాడు, డాక్టరుగారు కసిరారు, లాభం లేకపోయింది. చివరికి మామే ఒక దారి చెప్పాడు.

"నేల తగలకండా, ఎక్కడా పెట్టకండా ఎవులైనా సేత్తో పట్టుకుంటే తీత్తాను. మా మేనల్లుడు సన్నేసిగాడు పట్టుకుంటాడు. ఆడే కదా దీన్ని కనిపెట్టినోడు."

ఎక్సరే గది బయట, రెండు చేతులూ గుండెలకెత్తి, ఆ బిళ్ళని దోసిట్లో పట్టుకుని నిలబడ్డాను. ముక్కు మీద దోమ వాలింది. తోలడానికి చెయ్యి లేదు. అప్పుడు ఎర్రయ్య దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, అల్లుడూ నాదీ అలాగే తోసీసినాను, ఇదీ పట్టుకో అని తన మెడలోది తీసి నా మెడలో వేశాడు. అతని వెనక ఇంకొకడు. ఇంకొకడు. గ్యాంగు గ్యాంగంతా ఏటేటా ముందుకీ వెనక్కీ తోసుకుంటూ మూర్తిని గెలుస్తున్నారన్నమాట. బిళ్ళలు, తాయెత్తులు, రేకులు, ఎలుగుబంటి గోరు ఒకటి. చూస్తుండగానే జాతరలో అమ్మోరి ఘటం మోసేవాడిలా తయారయ్యాను. డాక్టరుగారు తలుపు తీసి నన్ను చూసి, మళ్ళీ తలుపు వేసుకున్నారు. లోపల్నుంచి ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి.

బిళ్ళలు లేకుండా అందరి ఫిల్ములూ మళ్ళీ వచ్చాయి. మామ ఛాతీలో ఏ మచ్చా లేదు. దుమ్ము కొంచెం ఉంది, బీడీ మానెయ్, మూతికి గుడ్డ కట్టుకో, గుంటని ఎత్తుకో అని డాక్టరుగారు చెప్పారు. ఫిట్ అన్నారు. ఆ మాటకి మామ కంటే ముందు గ్యాంగు ఊపిరి వదిలింది. ఊదుడు గొట్టం దగ్గర వదిలి ఉంటే యంత్రం పగిలిపోయేది.

మామ ఇంటికి దాదాపు పరిగెత్తాడు. నేను వెనక పడ్డాను. గుమ్మంలోనే వంగి, రెండు చేతులూ చాపాడు. చిట్టి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చింది. ఆయన మొహం దగ్గరికి వచ్చి ఆగింది. కొక్కేలు లేవు. జుత్తు లేదు. మూతి ముడిచి, ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చింది. ఆయన్ని తప్పించుకుని పరిగెత్తి వచ్చి ఎవరి కాళ్ళు చుట్టుకుందనుకున్నారు? నావి. ఇంటిల్లిపాదిలోనూ జుత్తూ మీసం భద్రంగా ఉన్న మగవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

దాన్ని ఎత్తుకోలేకపోయాను. మామ వైపు చూడలేకపోయాను కూడా. మీసం మళ్ళీ అందేంతగా పెరిగేదాకా, మామ ఎత్తుకోబోయిన ప్రతిసారీ అది ఏడ్చింది. ఆయన ప్రతిరోజూ అద్దంలో చూసుకుని, ఇంకెన్నాళ్ళురా అని నన్నే అడిగేవాడు. ఈసారి మాత్రం, నాకు తెలవదు మామా అన్నాను. చూశారా, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

అత్త తిట్టాల్సినవన్నీ తిట్టి అలసిపోయాక, ఆ సాయంత్రం అంచు విరిగిన గ్లాసు తీసుకెళ్ళి గడప అవతల పారేసింది. మామ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నం తిన్నాక మాత్రం గోడకి అద్దం ఫ్రేములో వేలాడుతున్న నా డిగ్రీ వైపు చూశాడు. దాన్ని ఫ్రేము కట్టించి తెచ్చింది ఆయనే.

"ఒరే సన్నేసీ, దాన్ని తీసి ఓపాలి కిటికీకాడ ఎలుతురికి పట్టి సూడు," అన్నాడు. "దాన్లో ఏటైనా కనపడతాదేమో."

పట్టి చూశాను. ఏమీ కనపడలేదు.

కాబట్టి, అప్పన్న సాక్షిగా, మరిడమ్మ సాక్షిగా, ఆ ఎలుగు గోరు సాక్షిగా, పదిమంది పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేను కోడిగుడ్డు తప్ప మరే వస్తువునీ వెలుతురికి పట్టి చూడను. చూసినా, లోపల ఏం కనిపించిందో టీకొట్టులో చెప్పను. నిజానికి ఈ మధ్య గుడ్లు కూడా మా ఆవిడే చూస్తోంది. నేను మంచివని ఏరి తెచ్చిన వాటిలోంచి మొన్న ఒకటి పిల్లయింది.